ఎర్ర పిన్ను, పసుపు గుంత

హనోకు బళ్ళారి వైపు దోణిమలై ఇనుప గనిలో డంపరు నడిపేవాడు. మనిషి ఎత్తు చక్రాలున్న ఆ బండిని ఖనిజం నింపుకుని, వానకు జారే ఎర్రదారిలో, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ ఉన్నచోట కూడా నిమ్మళంగా దింపుకొచ్చేవాడు. కొత్తగా చేరిన డ్రైవర్లు అతని పక్కన కూర్చుని పని నేర్చుకున్నారు. కానీ ఇంట్లో టీవీ రిమోటు అతని చేతికిస్తే మాత్రం, ఏది నొక్కితే ఏమవుతుందోనని అటూ ఇటూ తిప్పి మళ్ళీ భార్యకే ఇచ్చేసేవాడు.

ఆ భార్య కృపమణి. టౌన్‌షిప్ క్రైస్తవ సంఘంలో పాటలు పాడే క్వయరుకు చాలా ఏళ్ళు ఆమే నాయకురాలు. ఆమె పాడితే మైకు అక్కర లేదనేవాళ్ళు. పెళ్ళికి ముందు హనోకు ప్రతి ఆదివారం బళ్ళారి నుంచి బస్సెక్కి దోణిమలై గుడికి వచ్చేది ప్రసంగం కోసం కాదు. ఆ సంగతి అతను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఆమెకు కూడా.

మూడేళ్ళ కింద ఆమె గొంతులో గడ్డ లేచింది. బెంగళూరులో ఆపరేషన్ చేశారు. గొంతును కదిపే నరాన్ని గడ్డ అల్లుకుపోయి ఉంది, నరాన్ని కూడా తీయక తప్పలేదు. ప్రాణం నిలిచింది. గొంతు మాత్రం గుసగుసగా మిగిలింది. పక్క గదిలో ఉన్న మనిషిని పిలవాలంటే ఆమె తలుపు తట్టాల్సి వచ్చేది. కృపమణి దాన్ని గురించి ఏడవలేదు, ఎవరి ముందూ నొచ్చుకోలేదు. క్వయరు బాధ్యతను స్కూల్లో టీచరుగా ఉన్న డెబోరాకు అప్పగించి, తను వెనక వరుసలో కూర్చోవడం మొదలుపెట్టింది.

ఈ ఏడు సంఘానికి యాభై ఏళ్ళు నిండాయి. జూబిలీకి బిషప్పుగారు వస్తానన్నారు. ఆ రోజు ఏ పాట పాడాలన్న ప్రశ్నే లేదు. గుడికి పునాది వేసిన రోజు కృపమణి నాయన, సువార్తికుడిగా కర్నూలు వైపు నుంచి వచ్చినాయన, సొంతంగా కట్టిన పాట ఒకటుంది.

ఎర్రని ఈ కొండమీద ఇల్లు కట్టితివి ప్రభువా
దుమ్ములోన మమ్ము జూచి దయ చూపితివి

పల్లవి అందరికీ వచ్చు. చరణాల మాటలు కూడా దొరికాయి. రానిది చరణాల రాగం. పాత మనుషులు కొందరు పోయారు, కొందరు రిటైరై సొంత ఊళ్ళకు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు తలా ఒక రకంగా పాడుతున్నారు. సరైన రాగం తెలిసిన మనిషి ఒక్కతే ఉంది, ఆమెకు గొంతు లేదు.

డెబోరా బతిమాలితే కృపమణి ఒక సాయంత్రం ప్రాక్టీసుకు వెళ్ళింది. హనోకు గుమ్మం దగ్గర చెప్పుల పక్కన నిలబడి చూశాడు. ఆమె మొదటి చరణం ఎత్తుకుంది. గాలి తప్ప స్వరం రాలేదు. మళ్ళీ ఊపిరి పట్టి పైకి లేపబోయింది. గొంతు గరగరమని తెగింది. చిన్నపిల్లలెవరో కిసుక్కున నవ్వారు. డెబోరా కళ్ళెర్రజేసింది గానీ కృపమణి అప్పటికే చెంగుతో నోరు తుడుచుకుని లేచింది.

సంఘ పెద్ద దేవప్ప మంచి మనిషే. ఆయన హనోకు దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"ఆయమ్మను ఇబ్బంది పెట్టొద్దప్పా. ఆ పాట ఇడిసిపెడదాం. అందరికీ వచ్చింది వేరేదేదన్నా పాడుకుందాం."

"జూబిలీకి ఆ పాట లేకుంటే ఎట్లన్నా?"

"తప్పు పాడేదానికంటే పాడకుండా ఉండేది మేలు కదప్పా. ఆయప్ప కట్టిన పాటకు మర్యాద ఉండల్ల."

హనోకు కృపమణిని వెంటబెట్టుకుని ఇంటికి బయల్దేరాడు. క్వార్టర్సు మలుపు తిరుగుతుండగా అతనికి జాబెజ్ గుర్తొచ్చాడు.

జాబెజ్ కృపమణి తమ్ముడు. ఎప్పుడో కువైట్‌లో పనిచేసి వచ్చినప్పుడు భుజానికి ఒక వీడియో కెమెరా తగిలించుకుని దిగాడు. ఆ ఏడు సంఘం వార్షికోత్సవంలో బల్లలెక్కి మరీ తీశాడు. ఆ రోజు కృపమణి ఈ పాటే పాడింది. ఆ తర్వాత జాబెజ్ హోస్పేటలో కాపురం పెట్టి, పాతబడ్డ కెమెరాను సంచితో సహా అక్క ఇంట్లో వదిలేశాడు. అది బీరువా మీద సూట్‌కేసుల వెనక ఉంది.

మరునాడు షిఫ్టు నుంచి రాగానే హనోకు సంచి దించాడు. కెమెరా ఉంది, దానిలో క్యాసెట్టూ ఉంది. బ్యాటరీ ఉబ్బిపోయి పనికిరాకుండా ఉంది గానీ, గోడకు పెట్టే కరెంటు అడాప్టరు బాగుంది. టీవీకి పెట్టే వైరు లేదు. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. చిన్న ఎర్రదీపం వెలిగింది. ప్లే నొక్కితే లోపల ఏదో కిర్రుమని తిరగడం మొదలైంది. కెమెరాకు బయట తెర లేదు, స్పీకరు లేదు. కన్ను పెట్టి చూసే చిన్న గొట్టం మాత్రం ఉంది. ఒక కన్ను మూసి అందులోకి చూశాడు.

గోలీకాయంత తెర మీద, నలుపు తెలుపుల్లో, కృపమణి నిలబడి ఉంది. నోరు తెరిచి పాడుతోంది. చప్పుడు లేదు.

హనోకు చాలాసేపు అలాగే ఒంటికన్నుతో కూర్చున్నాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, "కృపా, ఒకసారి ఇట్లరా," అన్నాడు.

ఆమె సంగతి గ్రహించి గుమ్మంలోనే ఆగిపోయింది. "నాకొద్దు," అంది గుసగుసగా. "పోయిన గొంతును తెచ్చి నాకు వినిపిచ్చి ఏం జేస్తావు? నేను మర్చిపోవాలని చూస్తాండా."

"నిన్ను నువ్వు చూసుకోమని కాదు. మీ నాయన ఉండాడు దాంట్లో."

ఆమె వచ్చి గొట్టంలో కన్ను పెట్టింది. ముందు వరుసలో, తెల్లచొక్కాతో, మోకాలి మీద చేత్తో తాళం వేస్తూ ఆమె నాయన కూర్చుని ఉన్నాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఇంట్లో ఉన్న ఫోటోలన్నిట్లో బిగుసుకుని నిలబడ్డవాడే. తాళం వేస్తున్నవాణ్ణి ఆమె మళ్ళీ చూస్తాననుకోలేదు.

"చేయి చూడు," అంది ఆమె కెమెరా వదలకుండానే. "నేను తాళం తప్పుతానేమోనని గట్టిగా కొడతాండాడు." కాసేపటికి తలెత్తింది. కళ్ళు తడిసి ఉన్నాయి. "టీవీలో పెట్టగలవా దీన్ని?"

"పెడతా," అన్నాడు హనోకు, ఎలా పెట్టాలో బొత్తిగా తెలియకుండానే.

సండూరు బజారులో చక్రధర్ టీవీలు బాగుచేస్తాడు. అతని అంగడిలో పాత వైర్లు నింపిన పెద్ద అట్టపెట్టె ఒకటుంది. చక్రధర్ దాన్ని బోర్లించి, చిక్కులు విప్పి, చివరికి ఒక వైరు లాగాడు. దానికి ఒక కొసన ఒకే పిన్ను, రెండో కొసన పసుపు, తెలుపు, ఎరుపు రంగుల్లో మూడు పిన్నులు ఉన్నాయి.

"పసుపుది బొమ్మ. తెలుపు, ఎరుపు శబ్దం," అంటూ అతను ఒంటి పిన్నును కెమెరాకు గుచ్చి, మిగతా మూడింటిని అంగడిలోని టీవీకి ఏ రంగుకు ఆ రంగు పెట్టాడు. ప్లే నొక్కాడు. తెర నల్లగానే ఉంది. స్పీకర్లోంచి మాత్రం గుయ్యిమని మోత వచ్చింది. పిన్నులు తీసి తుడిచి పెట్టాడు. అదే మోత. ఇంకో టీవీకి పెట్టాడు. అక్కడా అంతే.

"బిడప్పా, ఇదు ఆగల్ల," అన్నాడు కన్నడంలోకి దిగిపోయి, ఇది కాదు వదిలెయ్యమంటూ. మళ్ళీ తెలుగులో, "దీని పని అయిపోయినాది హనోకప్పా. లోపల బోర్డు పోయింటాది. దీని సామాన్లు ఇప్పుడు యాడా దొరకవు."

"గొట్టంలో చూడు. బొమ్మ ఆడతాండాది."

చక్రధర్ చూశాడు. "అవునప్పా, ఆడతాండాది. కానీ బయటికి రావాల కదా."

"ఇంజను తిరుగుతాండాది, చక్రం తిరగడం లేదంటే మేము ఇంజను పోయినాదని అనం. నడిమధ్య చూస్తాం."

చక్రధర్ నవ్వాడు. "అయితే నడిమధ్య చూసుకో. వైరు తీసుకపో. ఒకటి మాత్రం చెప్తాండా. టేపు పాతది. ఊరికే ముందుకీ వెనక్కీ తిప్పొద్దు. తెగితే దేవుడు కూడా అతికించలేడు."

ఆదివారం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం అన్నం తిని హనోకు పనికి కూర్చున్నాడు. కూర్చోవడం అనడానికీ లేదు. వాళ్ళ టీవీని గోడకు బిగించినవాడు ఎంత దగ్గరగా బిగించాడంటే, వెనక అరచేయి దూరే సందు మాత్రమే ఉంది. చేయి దూర్చాక పిన్నులు గుచ్చే గుంతలు కనపడవు. స్టూలెక్కి, చెంప గోడకు ఆనించి, చేయి లోపలికి పోనిచ్చి వేళ్ళతో తడుముకోవాలి. అప్పుడు తెర అతనికి కనపడదు. తెర చూడాల్సింది కృపమణి. కానీ ఏమన్నా కనపడితే ఆమె అరిచి చెప్పలేదు.

దానికి ఆమే ఉపాయం చెప్పింది. స్టీలు కంచమొకటి, గరిటె ఒకటి తెచ్చుకుని కుర్చీలో కూర్చుంది. "బొమ్మ వస్తే కొడతా," అంది.

ముందు కెమెరాకు ఒంటి పిన్ను గుచ్చి, ప్లే నొక్కి, ఏ గుంత ఎక్కడుందో సందులో చూసుకుని ఏ రంగుకు ఆ రంగు పెట్టాడు. చక్రధర్ అంగడిలో లాగే గుయ్యిమని మోత. కంచం మోగలేదు. పిన్నులు గట్టిగా నొక్కాడు. మోత పెరిగింది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కిటికీలోంచి పడుతున్న ఎండలో గాలికి లేచిన ఎర్రదుమ్ము తేలుతోంది.

"రిమోటులో నొక్కి టీవీని వైరు దారికి మార్చినావా?" అనడిగాడు. ఆమె లేచి వచ్చి అతని మోకాలు తట్టి, మార్చానన్నట్టు తలూపి, మళ్ళీ వెళ్ళి కూర్చుంది.

చేయి నొప్పి పుట్టింది. మూడు పిన్నులూ పీకి, కిందికి దిగి కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. చక్రధర్ చెప్పినట్టు దీని పని అయిపోయిందేమో అని మొదటిసారి అనిపించింది. కృపమణి మంచినీళ్ళ చెంబు చేతికిచ్చింది. అతను తాగి మళ్ళీ స్టూలెక్కాడు.

ఈసారి పిన్నులు గుత్తగా అతని చేతిలోనే ఉన్నాయి. చెంప గోడకు ఆనించాక రంగులు చూసే వీలు లేదు. వేలికి తగిలిన గుంతలో చేతికి వచ్చిన పిన్ను గుచ్చాడు. ఏమీ లేదు. తీసి ఇంకోటి గుచ్చాడు.

కంచం ఖంగుమంది.

హనోకు ఉలిక్కిపడి చేయి లాగాడు, పిన్ను ఊడింది. కంచం ఆగింది. మళ్ళీ గుచ్చాడు. ఖంగు, ఖంగు, ఖంగు! ఆమె ఆపకుండా కొడుతోంది. పక్క క్వార్టరులో కుక్క మొరిగింది. హనోకు మెడ వంచి సందులోకి ఒక కన్ను పోనిచ్చి చూశాడు. పసుపు గుంతలో ఉన్నది ఎర్ర పిన్ను.

"ఎరుపుది బొమ్మ!" అని అరిచాడు. "కృపా, ఎరుపుది బొమ్మనంట! రంగులు అబద్ధం చెప్తాండాయి!"

ఇంక అతనికి పట్టు దొరికింది. బొమ్మ ఎరుపులో వస్తే, శబ్దం మిగతా రెండింట్లో ఎక్కడో ఉండాలి. పసుపు పిన్ను పట్టుకుని, తెల్ల గుంత కోసం తడుముతూ పోయి గుచ్చాడు.

గోడ పక్కనే ఉన్న అతని చెవిలో కృపమణి గొంతు పడింది.

ఆ గొంతు చిన్నగా రాలేదు. అప్పటిదాకా మోత తప్ప పాట వినపడడం లేదని వాల్యూము పూర్తిగా పెంచి పెట్టారు. రెండో చరణం నడిమధ్య నుంచి, గది అంతా నిండేలా, కిటికీ అద్దాలు జుమ్మనేలా పాట లేచింది. హనోకు స్టూలు దిగడం మరిచిపోయాడు. బళ్ళారి బస్సు దిగి, గుడి మెట్ల మీద నిలబడి, లోపలికి పోవడానికి మొహమాటపడుతూ విన్న గొంతు అది.

తిరిగి చూస్తే కృపమణి లేచి నిలబడి ఉంది. కంచం కిందపడి ఉంది. తెర మీద పచ్చచీరతో పడుచు కృపమణి పాడుతోంది. తెర ముందు నెరిసిన జుట్టుతో ఈ కృపమణి వింటోంది. ఏడుస్తుందేమోనని హనోకు భయపడ్డాడు. ఆమె ఏడవలేదు. కుడిచేయి మెల్లగా పైకి లేచి తాళం వేయడం మొదలుపెట్టింది. ఆపరేషన్ తర్వాత ఆ చేయి అలా లేవడం అతను చూడలేదు.

పాట ముగిసింది. ఆమె అతని వైపు తిరిగింది.

"మూడో చరణంలో తొందరపడినాను," అంది గుసగుసగా, బాగా చిరాకుగా. "చూస్తివా, నాయన చేయి నిదానంగా పోతాంది, నేను ముందుకు ఉరికినాను. ఆడ నిలబడల్ల. ఆయప్ప కట్టింది అట్ల కాదు."

హనోకుకు నవ్వాగలేదు. స్టూలు మీద కూలబడి నవ్వాడు. "ఇంత కష్టపడి నీ పాట తెస్తే తప్పులు పడతాండావా?"

"నా పాట కాబట్టే పడతాండా," అందామె. ఆమె మొహం వెలిగిపోతోంది. "డెబోరాకు ఫోన్ చేయి. అందర్నీ తీసుకరమ్మను. ఇప్పుడే."

డెబోరా క్వయరునంతా వెంటబెట్టుకుని వచ్చింది. దేవప్ప కూడా వచ్చాడు. చోటు చాలక కొందరు చాప మీద, కొందరు గుమ్మంలో, కొందరు కిటికీ బయట నిలబడ్డారు. పాత టేపును మాటిమాటికీ తిప్పడం మంచిది కాదని హనోకు చెబితే, డెబోరా మొదటిసారి ఆడుతుండగానే తన ఫోన్లో ఎక్కించుకుంది. తెర మీద తమ తల్లుల్ని, మేనమామల్ని పడుచువాళ్ళుగా చూసి జనం గోలచేశారు. "అది మా అమ్మ కదా!" అని ఒకరు, "ఆ మీసాలాయన ఎవరప్పా?" అని ఒకరు. ఆ మీసాలాయన దేవప్పే. పాట మొదలయ్యేసరికి అందరూ నోరు మూసుకున్నారు.

పాట అయ్యాక దేవప్ప లేచి కృపమణి దగ్గరికి వెళ్ళాడు.

"ఇడిసిపెడదామన్నాను తల్లీ. మన్నించు."

ఆమె ఫరవాలేదన్నట్టు చేయి ఊపి, డెబోరాను రమ్మని సైగ చేసింది. "రాగం దాంట్లో ఉండాది," అంది. "నడక నేను చెప్తా. పాడు."

డెబోరా పాడింది. కృపమణి చేత్తో ఆపింది, లేపింది, ఒకచోట రెండు వేళ్ళు దగ్గరపెట్టి స్వరాన్ని సన్నంగా చేయించింది. గుసగుసలో చెప్పలేనిది చేత్తో చెప్పింది. ఆ రోజు నుంచి ప్రాక్టీసు వాళ్ళ ఇంట్లోనే జరిగింది.

సంగతి తెలిసి చక్రధర్ సండూరు నుంచి బండేసుకుని వచ్చి తన కళ్ళతో చూశాడు. "ఆ వైరు వేరే కంపెనీదప్పా!" అన్నాడు నుదురు కొట్టుకుని. "కొన్నిట్లో లోపల దారులు తారుమారుగా ఉంటాయి. నాకు తట్టలేదు చూడు." అతనే టీవీని గోడ నుంచి కాస్త ముందుకు జరిపి బిగించి, ఉప్మా తిని వెళ్ళాడు.

జూబిలీ రోజు గుడి లోపల చోటు లేక బయట షామియానా వేశారు. రిటైరై వెళ్ళిపోయినవాళ్ళు ఆదోని నుంచి, గుంతకల్లు నుంచి వచ్చారు. హోస్పేట నుంచి జాబెజ్ వచ్చాడు. బిషప్పుగారు ముందు కుర్చీలో కూర్చున్నారు. పాట వంతు రాగానే డెబోరా తన స్థలంలోంచి దిగి, వెనక వరుసకు వెళ్ళి, కృపమణి చేయి పట్టుకుని ముందుకు తెచ్చి క్వయరు ఎదుట నిలబెట్టింది.

కృపమణి కొంగు నడుముకు దోపుకుంది. చేయెత్తింది.

పల్లవికి జనం కూడా గొంతు కలిపారు. మొదటి చరణానికి ముసలివాళ్ళ మొహాలు మారాయి. ఇదే, ఇదే అన్నట్టు ఒకరి భుజాలు ఒకరు తట్టుకున్నారు. మూడో చరణం వచ్చింది. క్వయరు ఉరకబోయింది. కృపమణి అరచేయి వాళ్ళ ముందు ఆనకట్టలా నిలిచింది. ఆ ఒక్క స్వరం మీద అందరూ ఊపిరి బిగబట్టి ఆగారు, గుడంతా ఆగింది. అప్పుడు ఆమె చేయి వదిలింది. పాట పైకప్పును తాకి, తలుపుల్లోంచి పొంగి, షామియానా కింద ఉన్నవాళ్ళ మీదుగా కొండవైపు పోయింది. తన గొంతుతో ఆమె ఏనాడూ అంత చక్కగా పాడలేదని, ఆమెకంటే ఎక్కువగా హనోకుకే తెలుసు.

పాట ఆగగానే గుడిలో చప్పట్లు కొట్టవచ్చో లేదో ఎవరికీ తెలియక ఒక్క క్షణం తటపటాయించారు. బిషప్పుగారే మొదట కొట్టారు. ఇంక చప్పట్లకు అంతులేకపోయింది. ఆయన లేచి నిలబడి, "అమ్మా, మేం కూడా పాడతాం. ఇంకొక్కసారి నడిపించండి," అన్నారు.

కృపమణి జనం వైపు తిరిగింది. మగవాళ్ళ వరుసలో నిలబడి ఉన్న హనోకును వెతికి పట్టుకుని, నువ్వు కూడా పాడాలన్నట్టు వేలు చూపించింది. అతనికి శ్రుతి లేదని టౌన్‌షిప్ మొత్తానికి తెలుసు. అయినా గొంతు సవరించుకున్నాడు. ఆమె చేయెత్తగానే అందరికంటే ముందుగా, అందరికంటే గట్టిగా ఎత్తుకున్నాడు.